కంటి కవిత్వమూ రూపవాద ముద్రా

కాగితం మీద మాటల్ని బొమ్మలా పేర్చిన కవిత కనబడగానే ‘రూపవాదం’ అని ముద్రవేసి పక్కన పెట్టడం మన విమర్శకులకు అలవాటైపోయింది. ఆ పని నేనూ చేశాను. ఒక సాహిత్య సభలో ఒక యువకవి ‘ఆకలి’ అన్న ఒక్క మాటనే పళ్లెం అంచులా గుండ్రంగా రాసి, నడుమ ఖాళీ వదిలిన కవిత చూపించాడు. వస్తువు లేక శిల్పం వెంట పడ్డావని అందరి ముందూ అనేశాను. ఆ తీర్పును ఇప్పుడు తిరిగి విచారించవలసి ఉంది.

మన అనుమానానికి కారణం లేకపోలేదు. చక్రబంధం, పద్మబంధం, నాగబంధం వంటివి మనకు కొత్త కావు. సంస్కృతంలో భారవి కిరాతార్జునీయం 15వ సర్గలో, మాఘుడు శిశుపాలవధం 19వ సర్గలో ఈ విన్యాసాలు చూపించారు. తెలుగులో గణపవరపు వేంకటకవి ‘ప్రబంధరాజ వేంకటేశ్వర విజయ విలాసం’ వీటికి పెట్టింది పేరు. అయితే అక్షరాలు తామరరేకుల్లో ఇమిడినందువల్ల పద్యార్థానికి కలిసివచ్చేది సాధారణంగా ఏమీ ఉండదు. రేకులు తీసేసినా పద్యం చెక్కుచెదరదు. చివరికి మిగిలేది కవి పాండిత్యమూ, దాన్ని మెచ్చే ఆస్థానమూ. దీన్ని నిరసించినవాళ్లలో మనం మొదటివాళ్లం కూడా కాము. చిత్రకావ్యం కవిత్వానికి అనుకరణే తప్ప అసలు కవిత్వం కాదని 9వ శతాబ్దిలోనే ఆనందవర్ధనుడు తేల్చాడు.

కాని బంధకవిత్వాన్ని కొలిచిన కొలతతోనే ఆధునిక దృశ్యకవిత్వాన్నంతటినీ కొలవవచ్చునా? బ్రెజిల్‌లోని సావోపాలోలో 1952లో హరోల్దో ది కాంపోస్, అగుస్తో ది కాంపోస్ సోదరులూ, దేసియో పిన్యతారీ కలిసి ‘నొయిగాంద్రెస్’ బృందంగా ఏర్పడ్డారు. 1958లో తమ కాంక్రీట్ కవిత్వానికి ఒక ప్రణాళిక ప్రకటించారు. పిన్యతారీ 1957లో కోకా కోలా ప్రకటన మీద ఒక కవిత రాశాడు. తాగమని చెప్పే ఆ ప్రకటన వాక్యాన్నే తీసుకుని అక్షరాలను తారుమారు చేస్తూ పోతాడు. తాగమనే మాట చొంగ అవుతుంది. పానీయం పేరులోంచి పగిలిన పెంకు పుడుతుంది. చివరికి అవే అక్షరాల్లోంచి మురుగుకాలువ బయటపడుతుంది. కవి స్వయంగా వాణిజ్య ప్రకటనల రంగంలో పనిచేసినవాడు. శత్రువు ఆయుధం ఎలా పనిచేస్తుందో ఎరిగినవాడు. ఇక్కడ అక్షరాల అమరిక తీసేస్తే కవితే లేదు. బంధానికీ దీనికీ ఉన్న తేడా ఇదే.

ఈ బృందమే 1961లో, విప్లవాత్మక రూపం లేనిదే విప్లవ కళ లేదన్న మయకోవ్‌స్కీ మాటను తన ప్రణాళికకు చేర్చుకుంది. ఆ మయకోవ్‌స్కీ పుస్తకాన్నే చూద్దాం. 1923లో బెర్లిన్‌లో అచ్చయిన ‘గొంతు కోసం’ అనే సంపుటిలో 13 కవితలున్నాయి. ఎల్ లిసిట్‌స్కీ అచ్చుసామగ్రితోనే, అక్షరాలూ గీతలూ దిమ్మలూ పేర్చి పుటలు కట్టాడు. చిరునామాల పుస్తకానికి ఉన్నట్టు పుటల అంచున మెట్లు కోసి ఒక్కో కవితకు ఒక గుర్తు పెట్టాడు. బిగ్గరగా చదివేవాడికి కావలసిన కవిత చప్పున దొరకాలన్నదే ఉద్దేశం. అంటే ఇక్కడ కన్ను గొంతుకు సేవ చేస్తోంది.

ఇదంతా చెప్పి, మన కవులు ఆ నమూనాలను దించుకోవాలని నేననడం లేదు. రోమన్ లిపిలో అచ్చూ హల్లూ విడివిడి అక్షరాలు. వాటిని ఎటైనా కదపవచ్చు. మన అక్షరంలో గుణింతమూ ఒత్తూ కలిసే ఉంటాయి. ‘వికటకవి’ని వెనకనుంచి చదివినా అదే మాట రావడానికి కారణం మనం అక్షరాన్ని విడగొట్టకుండా లెక్కించడమే. మన దృశ్యకవి తన లిపి స్వభావంలోంచే దారి వెతుక్కోవాలి.

అంతకంటే పెద్ద చిక్కు మరొకటుంది. పాట చదువురానివాడినీ చేరుతుంది. కంటి కవిత అక్షరం వచ్చినవాడి దగ్గరే ఆగిపోతుంది. అక్షరాస్యత అందరిదీ కాని సమాజంలో అభ్యుదయ కవి ఈ పరిమితిని మరచిపోరాదు. కాని ఇది అచ్చయిన ప్రతి కవితకూ ఉన్న పరిమితే. దృశ్యకవిత ఒక్కదాని నేరం కాదు.

కాబట్టి అడగవలసిన ప్రశ్నలు రెండు. ఆకారం తీసేస్తే అర్థం దెబ్బతింటుందా? ఆ అర్థం ఎవరి పక్షాన ఉంది? ఆనాటి యువకవి కవితను ఈ ప్రశ్నలతో చూస్తే, ఆ పళ్లెం నడుమ ఖాళీయే కవిత. ఆ మాటను వరసగా రాస్తే నిఘంటువులో పదం మాత్రమే మిగులుతుంది. నేను చూడకుండా తీర్పు చెప్పాను. ఆ తరువాత అతని కవిత మళ్లీ నా కంట పడలేదు. మన ముద్రలు కొత్త కవుల చేత కలం కింద పెట్టించగలవని విమర్శకులం గుర్తుంచుకోవాలి.