మళ్లీ మళ్లీ వినబుద్ధయ్యే పాట

పాట మంచిదా కాదా అని తేల్చుకోవడానికి నాకు ఒకటే కొలత. వందోసారి వినిపించినా చెవి అటు తిరగాలి. మొదటిసారి ఆకట్టుకునే పాటలు కోకొల్లలు. పదోసారికి వాటిలో సగం వెలిసిపోతాయి. వందోసారికీ నిలబడేవాటిని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. వయొలిన్ పట్టుకున్న నాటి నుంచి నా ఇష్టాలన్నీ ఈ కొలతతోనే ఏర్పడ్డాయి. అందుకే నా ఫోన్లో ద్వారం వెంకటస్వామి నాయుడుగారి పాత వయొలిన్ రికార్డులు, మంగళంపల్లి బాలమురళీకృష్ణగారి కచేరీలు, ఇళయరాజాగారి నేపథ్య సంగీతం ఉన్న వరసలోనే కోజీ కోండో, సీ418 అన్న పేర్లు కూడా కనిపిస్తాయి. ఈ ఇద్దరూ వీడియో గేములకు సంగీతం చేసినవాళ్లు.

కచేరీల దగ్గర కలిసే పెద్దలకు ఆ చివరి రెండు పేర్లు చెబితే ఆశ్చర్యపోతారు. శాస్త్రీయ సంగీతం నేర్చుకుంటూ ఈ గేములేమిటమ్మా అని ఆప్యాయంగానే అడుగుతారు. వాళ్లకు తీరిగ్గా జవాబు చెప్పాలని ఎప్పటి నుంచో ఉంది. ఈ వారం ఆ పని చేస్తున్నాను.

మా తరంలో చాలామందికి మారియో పరిచయమైంది టీవీకి తగిలించే చవక డబ్బాతో, దాంట్లో గుచ్చే పసుపుపచ్చ క్యాసెట్టుతో. సెలవులకు పెద్దమ్మ వాళ్లింటికి వెళ్తే పిల్లలమంతా వంతులేసుకుని ఆడేవాళ్లం. నా వంతు వచ్చేదాకా పాట వింటూ కూర్చునేదాన్ని. ఎవరు గోతిలో పడ్డా, ఎవరికి తాబేలు తగిలినా పాట మళ్లీ మొదలయ్యేది. మధ్యాహ్నమంతా అదే వరస మోగినా విసుగనిపించేది కాదు. ఎందుకో చాలా ఏళ్ల తర్వాత, దాన్ని వయొలిన్ మీద పట్టుకుంటున్నప్పుడు బోధపడింది.

జపాన్‌కు చెందిన నింటెండో కంపెనీ ‘సూపర్ మారియో బ్రదర్స్’ను 1985లో విడుదల చేసింది. బొమ్మలతో సహా ఆటంతా 40 కిలోబైట్లు. శబ్దానికి ఆ యంత్రంలో ఉన్నవి అయిదే దారులు. స్వరం పలికేవి మూడు, తాళం కోసం బుసకొట్టేది ఒకటి, రికార్డు చేసిన చిన్న ముక్కను వినిపించేది ఒకటి. మారియో గెంతినప్పుడు వచ్చే శబ్దానికి వేరే దారి లేదు. పాటలోని ఒక గొంతు ఆ క్షణం ఆగి, గెంతుకు చోటిచ్చి, మళ్లీ అందుకుంటుంది. ఈ ఇరుకులోనే కోండో పని మొదలుపెట్టాడు. నేల మీద పరిగెత్తే చోట స్వరాలు దెబ్బ మీద కూర్చోకుండా ముందుకు తోసుకొస్తాయి, మన అతీత, అనాగత ఎత్తుగడలను గుర్తుకు తెస్తాయి. నీళ్లలోకి దిగేసరికి పాట మూడు దెబ్బల లెక్కకు మారి, తిస్రంలో తేలికగా ఊగుతుంది. గడువు 100కు తగ్గిందా, అదే పాట కాలం పెంచుకుని ఆటగాణ్ణి తరుముతుంది. అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2023లో ఈ వరసను భావితరాల కోసం భద్రపరిచే రికార్డింగుల జాబితాలో చేర్చింది. ఒక వీడియో గేము సంగీతానికి ఆ గౌరవం దక్కడం అదే మొదలు.

అసలు కిటుకు పాట ముగిసే చోట ఉంది. దానికి ముగింపంటూ లేదు, చివరి పాదం మొదటి పాదాన్ని పిలుస్తుంది. ఆటగాడు ఎక్కడ ఆగుతాడో, ఎన్నిసార్లు ఓడతాడో స్వరకర్తకు ముందుగా తెలియదు. ఒకడు పాటలో పావువంతే యాభైసార్లు వింటాడు, ఇంకొకడు మొత్తం పాటను గంటసేపు వింటాడు. కాబట్టి ఏ ముక్కకా ముక్క నిలబడాలి, అన్నీ కలిసి ఒకే పాటగానూ ఉండాలి. కచేరీకి కృతి ఎంచుకునే మాకూ ఇది రోజూ ఎదురయ్యే సమస్యే. త్యాగరాజస్వామి కృతుల్లో సంగతులు చూడండి. పల్లవిలో ఒకే పాదం మళ్లీ మళ్లీ వస్తుంది. వచ్చిన ప్రతిసారీ ఒక మెట్టు ఎక్కుతుంది లేదా ఒక మలుపు తిరుగుతుంది, ఆఖరికి ఎత్తుకున్న చోటికే చేరుతుంది. కచేరీలో పాడేవాళ్లు పాదాన్ని మారుస్తారు, గేములో పాట అలాగే ఉండి ఆడేవాళ్లు మారతారు. రెండు చోట్లా తిరిగి రావడమే పాటకు ప్రాణం. అందుకే ఒకే పాదాన్ని రకరకాలుగా విస్తరించే నెరవల్ సాధన చేసేటప్పుడు పాదం చివర ఆగి, ఈ స్వరం ఎత్తుగడను పిలుస్తోందా అని వింటాను. పిలవకపోతే ముందుకు వెళ్లను. ఈ అలవాటుకు పునాది పడింది పెద్దమ్మ వాళ్లింట్లోనే.

నాకు అన్నిటికంటే ఇష్టమైన ఆట 1998లో వచ్చిన ‘ద లెజెండ్ ఆఫ్ జెల్డా: ఒకరీనా ఆఫ్ టైమ్’. దీని సంగీతమూ కోండోదే. ఒకరీనా అంటే గుప్పిట్లో పట్టే చిన్న ఊదుడు వాద్యం. ఆటలో ఆ వాద్యాన్ని మనమే వాయించాలి. అయిదు బటన్లకు అయిదు స్వరాలు. అడుగున ఉన్నదాన్ని షడ్జమం అనుకుంటే పైవి సాధారణ గాంధారం, పంచమం, చతుశ్రుతి ధైవతం, తారషడ్జమం. షడ్జమం రెండుసార్లు వచ్చింది కనుక నిజానికి ఉన్నవి నాలుగు స్వరాలే. కథను నడిపించే పన్నెండు పాటలూ ఈ నాలుగింటి మీదే కట్టారు. ఒకటి వాయిస్తే పగలు రాత్రవుతుంది, ఇంకొకటి వాయిస్తే వాన కురుస్తుంది. వాన కురిపించే రాగంగా అమృతవర్షిణి కథ వింటూ పెరిగిన నాకు అది పరాయి ఊహ అనిపించలేదు. ఇంకో విశేషం ఉంది. కంట్రోలర్ మీది పుల్లను కదిపితే స్వరం జారుతుంది, కంపిస్తుంది. కథకు ఆ జారుతో పని లేదు. అయినా చేసినవాళ్లు ఆ సదుపాయం వదిలిపెట్టలేదు. గమకానికి అలవాటుపడ్డ చెయ్యి అక్కడ ఆగిపోతుంది. నేను కథ సంగతి పక్కనపెట్టి సాయంత్రాలు దాని మీదే గడిపాను.

నాలుగు స్వరాలతో ఏం చేయొచ్చన్న ప్రశ్నకు మన గడ్డ మీద జవాబు చెప్పింది బాలమురళిగారు. 1930లో తూర్పు గోదావరి జిల్లా శంకరగుప్తంలో పుట్టిన ఆయన మహతి, లవంగి వంటి నాలుగు స్వరాల రాగాలను సృష్టించారు. మహతిలో ఉన్నవి షడ్జమం, అంతర గాంధారం, పంచమం, కైశికి నిషాదం, అంతే. అయిదైనా లేనిది రాగమెలా అవుతుందని వాదించినవాళ్లు ఉన్నారు. ఆయన పాడి చూపించారు. మహతి సాధన చేసిన ప్రతిసారీ నాకు ఒకటి తెలిసివస్తుంది: స్వరాలు తగ్గేకొద్దీ వాటి మధ్య ఖాళీని మోయాల్సిన బాధ్యత విల్లు మీద పడుతుంది. గాంధారం నుంచి పంచమానికి వెళ్లే దారిలో మరో స్వరానికి తావు లేదు. ఆ దూరాన్ని ఎంత నెమ్మదిగా, ఎంత ఒత్తిడితో దాటామన్నదే రాగం. ద్వారంవారి కాలంలో 78 ఆర్‌పీఎం రికార్డు ఒక్కో వైపు పట్టేది మూడు నిమిషాల పైచిలుకే. ఆ కొద్దిలో ఆయన విల్లు చెప్పాల్సింది చెప్పేసేది. ఇరుకు అన్నది ప్రతిభకు అడ్డం కాదని నమ్మడానికి నాకు కోండో, బాలమురళిగారు, ద్వారంవారు, ఈ ముగ్గురూ చాలు.

ఆటకు తగ్గట్టు అప్పటికప్పుడు మారే సంగీతం ఇంకో అద్భుతం. లూకాస్‌ఆర్ట్స్ సంస్థలో మైకేల్ లాండ్, పీటర్ మెక్‌కానెల్ దీని కోసం ఐమ్యూజ్ అనే పద్ధతి కనిపెట్టి, 1991 నాటి ‘మంకీ ఐలాండ్ 2’లో వాడారు. ఊళ్లో ఒక కొట్టు నుంచి ఇంకో కొట్టుకు నడిస్తే పాట తెగదు. ఉన్న పాదం సరైన చోటికి వచ్చాక వాద్యం మారి, ఆ కొట్టుకు తగిన వరస కలుస్తుంది. మన పెళ్లిళ్లలో సన్నాయి మేళం చేసేది ఇదే కదా. డోలు విద్వాంసుడి చేతులు తాళం మీద ఉన్నా కళ్లు పెళ్లిపీటల మీదే ఉంటాయి. పురోహితుడు చెయ్యెత్తి గట్టిమేళం అనగానే, కృతి ఎక్కడున్నా సరే, మేళమంతా ఒక్కసారిగా అందుకుంటుంది. మాంగల్యధారణ అయ్యాక మళ్లీ తీరిగ్గా రాగంలోకి వస్తారు. ఎదుట జరుగుతున్నదాన్ని చూస్తూ వాయించడం పెద్ద విద్య. దానికి మన మేళగాళ్లు దక్కాల్సినంత గౌరవం పొందలేదన్నది నా బాధ.

ఇక సీ418. డేనియల్ రోజెన్‌ఫెల్డ్ అనే జర్మన్ కళాకారుడు పెట్టుకున్న పేరిది. ‘మైన్‌క్రాఫ్ట్’ ఆటకు ఆయన చేసిన సంగీతం 2011లో ఆల్బంగా వచ్చింది. 2025లో దానికీ లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ జాబితాలో చోటు దక్కింది. మనం మట్టి తవ్వుకుంటూ, గోడ కట్టుకుంటూ ఉంటే చాలాసేపు ఏ పాటా వినిపించదు. ఒక పాటకూ ఇంకో పాటకూ మధ్య పది ఇరవై నిమిషాలు గడిచిపోతాయి. పాట ఉందన్న సంగతే మరిచిపోయిన వేళ పియానో నాలుగు స్వరాలు పలుకుతుంది, చేస్తున్న పని ఆపి వింటాం. వందసార్లు విన్నా అలవాటు పడనివ్వని ఉపాయం ఇది. ఆలాపనలో విశ్రాంతి ఎక్కడ ఇవ్వాలో మా గురువుగారు చెబుతుంటే నాకు ఈ పియానోయే మనసులో మెదులుతుంది. చెవిని ఆకలితో ఉంచితే వచ్చే స్వరానికి విలువ పెరుగుతుంది.

సంగీతం నేర్చుకునే పిల్లల తల్లిదండ్రులకు, గురువులకు ఒక మనవి. పిల్లవాడు ఏదో గేము పాట కూనిరాగం తీస్తుంటే కసరకండి. దాని స్వరాలు కనిపెట్టి వాయించమనండి. తాళం వేయించండి. తిస్రమో చతురశ్రమో వాణ్ణే చెప్పనివ్వండి. సరళీ స్వరాలు, జంట స్వరాలు ఎందుకు నేర్చుకుంటున్నాడో వాడికి ఆ రోజు తెలుస్తుంది. ఇష్టపడ్డ పాటను చేత్తో పట్టుకోగలిగిన పిల్లవాడు సాధన మానడు.

నా తోటి కళాకారులకూ ఒక మాట. హైదరాబాద్‌లో ఈఏ వంటి పెద్ద కంపెనీల స్టూడియోలున్నాయి, మనవాళ్లు అక్కడ గేములు తయారుచేస్తున్నారు. సన్నాయి, డోలు, డప్పు, బుర్రకథ గుమ్మెట ఎదుటివారిని చూసి వాయించడంలో తరతరాలుగా ఆరితేరిన వాద్యాలు. గేముకు కావలసింది సరిగ్గా ఆ నేర్పే. ఆ వాద్యకారులనూ ఆ ప్రోగ్రామర్లనూ ఒక గదిలో కూర్చోబెట్టాలి. వందోసారికీ వినబుద్ధయ్యే తెలుగు గేము పాట వాళ్ల చేతుల మీదుగా పుడుతుంది. వయొలిన్ అవసరమైతే నేను సిద్ధం.