కూతకు దారిచ్చే తప్పెట

సంక్రాంతి వస్తే చాలు, శ్రీకాకుళం జిల్లాలో మా నిమ్మాడ చుట్టుపక్కల నుంచి పలాస, ఉద్దానం తీరం దాకా కబడ్డీ జోరందుకుంటుంది. సున్నంతో గీతలు గీస్తారు, లైట్లు కడతారు, పక్క ఊళ్ల జట్లు వ్యాన్లలో దిగుతాయి. వాటితోపాటే డీజే బాక్సులూ దిగుతాయి. ఈ వారం నా మాట ఆ బాక్సుల గురించి, వాటి చోట ఉండాల్సిన తప్పెట గురించి.

కబడ్డీకి ప్రాణం కూత. అవతలి కోర్టులో అడుగుపెట్టిన ఆటగాడు తిరిగి మధ్యగీత చేరేదాకా ఊపిరి తెగకుండా కూత పెడుతూనే ఉండాలి. అది అంపైరు చెవిన పడాలి. ఒక్కో కూతకిచ్చే గడువు 30 సెకన్లు. బాక్సుల హోరులో ఆ కూతే మునిగిపోతుంది. అంపైరు చెయ్యెత్తి ఆపమంటాడు, ఎవరో పరుగెత్తి సౌండు తగ్గిస్తారు, కాసేపటికి మళ్లీ మామూలే. బాక్సుకు ఆట కనబడదు. వాయించే మనిషికి కనబడుతుంది. ఎప్పుడు ఊపునివ్వాలో, ఎప్పుడు చెయ్యి ఆపాలో అతనికి తెలుస్తుంది.

ఆట చూస్తూ వాయించే అలాంటి మనుషులు అమెరికాలో ఉన్నారు. అక్కడి కాలేజీల్లో ఫుట్‌బాల్ మ్యాచ్ రోజున మార్చింగ్ బ్యాండు లేనిదే పండగ లేదు. ఒహాయో స్టేట్ యూనివర్సిటీ విద్యార్థులు 1936 నుంచి వాయిస్తూ నడుస్తూనే మైదానం మీద తమ రాష్ట్రం పేరును గొలుసుకట్టు రాతలో రాస్తున్నారు. ఆ పేరులోని ‘ఐ’ అక్షరం మీద చుక్కగా సూసాఫోన్ అనే ఊదే వాద్యం వాయించే విద్యార్థి వచ్చి నిలబడతాడు. ఆ చుక్క కావడం అక్కడ పెద్ద గౌరవం. ఇలాంటి బ్యాండ్లలో చాలావాటికి నడక లెక్క ఒకటే: 5 గజాలకు 8 అంగలు. నోటికి వాద్యం, కాలికి లెక్క, కంటికి పక్కవాడి వరస. అంత పెద్ద బ్యాండూ బంతి ఆటలోకి రాబోయే వేళకు వాయింపు ఆపేయాలి. నాకు అన్నిటికన్నా నచ్చింది అదే.

ఇంతటి విద్య మన దగ్గరా ఉంది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ పల్లెల్లో తప్పెటగుళ్లు ఆడేవాళ్లు రేకు తప్పెటను గుండెల మీద కట్టుకుని రెండు చేతులా వాయిస్తారు. కాళ్ల గజ్జెలు, నడుం మువ్వలు అదే తాళానికి పలికేలా ఎగురుతారు. వానల కోసం గంగమ్మను కొలుస్తూ, కృష్ణుడి కథలు పాడుతూ గొల్లలు తరతరాలుగా నిలుపుకొచ్చిన కళ ఇది. గురువు పాట అందిస్తే జట్టు అందుకుంటుంది. ఒకరి భుజాల మీద ఒకరెక్కి గోపురంలా నిలబడటం చూస్తే ఇప్పటికీ నా ఒళ్లు జలదరిస్తుంది. అంతకన్నా నన్ను కట్టిపడేసేది గురువు చూపు. ఎవరి అడుగైనా తడబడితే తాళం నెమ్మదిస్తుంది, జనంలో ఊపు పుడితే జోరందుకుంటుంది. ఆట చూస్తూ వాయించడానికి కావలసింది సరిగ్గా ఈ చూపే.

అందుకే మన కాలేజీలకు నాదో విన్నపం. ఎచ్చెర్లలో 2008లో ఏర్పడిన అంబేద్కర్ విశ్వవిద్యాలయం పరిధిలో టెక్కలి, పలాస కాలేజీల పిల్లలు కబడ్డీ ఆడుతున్నారు. ప్రతి కాలేజీకీ జట్టుతోపాటు ఒక తప్పెటగుళ్ల బృందం ఉండాలి. ఆడపిల్లలకూ అందులో చోటుండాలి. కూత నడుస్తున్నంతసేపూ చేతులు కట్టుకుని వినాలి, పాయింటు రాగానే తప్పెట మోగాలి. రెండు సగాల మధ్య దొరికే 5 నిమిషాల విరామం పూర్తిగా వాళ్లదే కావాలి.

పిల్లలకు సినిమా పాటలే కావాలంటారు కొందరు. వాయించనివ్వండి. అమెరికా బ్యాండ్లు కూడా అప్పటి హిట్ పాటలు వాయిస్తాయి. తప్పెట మీదికి ఏ పాట వచ్చినా తాళం మనదే అవుతుంది. ఒక్క షరతు మాత్రం వదలకూడదు. కళను తీసుకుని కళాకారుణ్ణి గేటు బయట నిలబెట్టకూడదు. ఊళ్లో తప్పెట పట్టిన గురువును గౌరవంగా పిలిచి, కోచ్‌కు ఇచ్చినట్టే జీతమిచ్చి, కరపత్రం మీద ఆయన పేరు వేయాలి. పశువుల వెంట తిరుగుతూ ఈ విద్యను బతికించిన ఇళ్ల పిల్లలు కాలేజీలో తలెత్తుకుని దాన్ని వాయించాలి.

దీనికి కొత్తగా నిధులు అక్కర్లేదు. బాక్సుల అద్దెకు పోయే డబ్బుతో తప్పెటలు, గజ్జెలు కొనొచ్చు. వేసవి సెలవుల్లో గురువును పిలిచి సాధన మొదలుపెడితే వచ్చే సంక్రాంతి పోటీలకు మొదటి బృందం దిగుతుంది. టెక్కలి ముందుకొస్తుందో, పలాస ముందుకొస్తుందో వాళ్లే తేల్చుకోవాలి. ఈ పోటీలో ఎవరు గెలిచినా నాకు సంతోషమే.