పగడాలకు సున్నపు తేట: కలిపే తీరు, నిల్వ చేసే నేర్పు

రాతి పగడాలు సముద్రపు నీటిలోని కాల్షియాన్నీ కార్బొనేట్‌నూ గ్రహించి, ఆరగొనైట్ అనే ఖనిజ రూపంలో తమ అస్థిపంజరాన్ని కట్టుకుంటాయి. సముద్రంలో లీటరుకు సుమారు 420 మిల్లీగ్రాముల కాల్షియం ఎప్పుడూ అందుబాటులో ఉంటుంది. ఇంట్లో పెంచే రీఫ్ అక్వేరియంలో మాత్రం పగడాలు ఎదిగేకొద్దీ అది తరిగిపోతుంది కనుక, తరిగినదాన్ని పెంపకందారు రోజూ పూరించవలసి ఉంటుంది. ఇందుకు వాడుకలో ఉన్న పద్ధతుల్లో సున్నపు తేట పాతది, సరళమైనది. 1970ల దశకంలో పీటర్ విల్కెన్స్ జర్మన్ రచనల ద్వారా దీన్ని అక్వేరియం పెంపకందారులకు పరిచయం చేయడంతో, కాల్క్‌వాసర్ అనే జర్మన్ పేరుతోనే ఇది ఇతర దేశాలకూ వ్యాపించింది.

కాల్షియం హైడ్రాక్సైడ్‌ను నీటిలో కరిగించి, కరగని మడ్డి అడుగుకు దిగిన తరువాత పైన నిలిచే నిర్మలమైన ద్రావణమే సున్నపు తేట. ఇది అక్వేరియం నీటిలో కలిసినప్పుడు కాల్షియం నేరుగా చేరుతుంది. హైడ్రాక్సైడ్ నీటిలోని కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి బైకార్బొనేట్‌గా, కార్బొనేట్‌గా మారి ఆల్కలినిటీని, అంటే ఆమ్లాన్ని తట్టుకునే శక్తిని, పెంచుతుంది. పగడం 20 మిల్లీగ్రాముల కాల్షియానికి 1 మిల్లీఈక్వివలెంట్ చొప్పున ఆల్కలినిటీని వాడుకుంటుంది. ఇక కరగనంత మేరకు కరిగిన తేటలో లీటరుకు దాదాపు 800 మిల్లీగ్రాముల కాల్షియం, 40 మిల్లీఈక్వివలెంట్ల ఆల్కలినిటీ ఉంటాయి కనుక, పగడం తీసుకునే పాళ్లూ తేట ఇచ్చే పాళ్లూ ఒక్కటే. కాల్షియం క్లోరైడ్, వంటసోడా విడివిడిగా వాడేచోట సోడియం, క్లోరైడ్ నీటిలో మిగిలి క్రమంగా పేరుకుంటాయి; సున్నపు తేట వాడితే అటువంటి శేషం ఉండదు.

కలపడానికి ఆర్‌ఓ యంత్రంతోనూ, ఆపైన అయాన్లను తొలగించే రెసిన్‌తోనూ శుద్ధి చేసిన నీరే తగినది. గోడలకు వేసే సున్నంలో మలినాలు ఉండవచ్చు కనుక ఆహారానికి పనికివచ్చే శ్రేణి పొడిని ఎంచుకోవాలి. 25 డిగ్రీల సెల్సియస్ వద్ద ఈ పొడి లీటరు నీటిలో ఒకటిన్నర గ్రాములకు కాస్త పైగా మాత్రమే కరుగుతుంది, వేడి పెరిగినకొద్దీ ఇంకా తక్కువ కరుగుతుంది. అందుచేత లీటరుకు 2 గ్రాముల చొప్పున వేసి, ఒకటి రెండు నిమిషాలు కలియబెట్టి, మూతపెట్టి రాత్రంతా కదల్చకుండా ఉంచితే, తెల్లవారేసరికి పాలవంటి తెలుపు విరిగి తేట పైకి తేలుతుంది. దీని పీహెచ్ సుమారు 12.4 కనుక చేతి తొడుగులు, కళ్లద్దాలు తప్పనిసరి. పొడి ధూళిని పీల్చకూడదు.

నిల్వ చేయడంలోనే అసలైన నేర్పు ఉంది. గొట్టంతో ఊపిరి ఊదితే సున్నపు తేట తెల్లబడుతుందని బడిలో నేర్చిన పాఠమే ఇక్కడి ప్రమాదాన్ని కూడా చెబుతుంది: గాలిలోని కార్బన్ డయాక్సైడ్ తగిలితే హైడ్రాక్సైడ్ కరగని కార్బొనేట్‌గా మారి, తేట బలం తగ్గుతుంది. అయితే మూత ఉన్న పెద్ద ప్లాస్టిక్ డబ్బాలో కదలిక లేకుండా ఉంచిన తేట వారాల తరబడి బలం నిలుపుకుంటుందని అమెరికన్ రసాయన శాస్త్రజ్ఞుడు రాండీ హోమ్స్-ఫార్లీ కొలతలతో చూపించారు. పైన పాలమీగడలా కట్టే పలుచని కార్బొనేట్ పొరను చెదరగొడితే కొత్త నీరు గాలికి తగులుతుంది కనుక, రోజూ కలియబెట్టడం, గాలి పంపు పెట్టడం హానికరం. రాగి వంటి లోహ మలినాలు అంత అధిక పీహెచ్‌లో చాలావరకు అవక్షేపమై అడుగు మడ్డిలోనే చేరతాయి. అందువల్ల తేటను తీసే గొట్టం కొసను అడుగుకు కొన్ని అంగుళాల ఎత్తున, పై పొరకు దిగువన అమర్చి, మడ్డిని అప్పుడప్పుడు తీసివేయాలి. బలం తగ్గిందేమో తెలుసుకోవడానికి విద్యుద్వాహకతను కొలిచే మీటరు చాలు: పూర్తి బలమున్న తేట 25 డిగ్రీల వద్ద సెంటీమీటరుకు సుమారు 10.3 మిల్లీసీమెన్స్ చూపుతుంది.

ఆవిరైన నీటికి బదులుగా తేటను చుక్కలు చుక్కలుగా, నీటి ప్రవాహం బలంగా ఉన్నచోట, పగడాలపై నేరుగా పడకుండా వదలాలి. చీకటిలో కిరణజన్య సంయోగక్రియ ఆగి, కార్బన్ డయాక్సైడ్ పెరిగి, పీహెచ్ పడిపోతుంది కనుక రాత్రివేళ వేయడం మేలు. ఒక్కసారిగా ఎక్కువ పడితే పీహెచ్ పైకెగసి, కార్బొనేట్ తెల్లగా విరిగి హీటర్లమీదా పంపులమీదా గట్టిపడుతుంది. అందుకే పీహెచ్ 8.5 దాటకుండా చూసుకోవడం, ఒక రోజుకు సరిపడేంత కంటే ఎక్కువ పోయలేని చిన్న పంపు వాడటం శ్రేయస్కరం.

ఎంత నీరు ఆవిరైతే అంతే తేట పోయగలగడం ఈ పద్ధతికున్న హద్దు. 400 లీటర్ల తొట్టిలో రోజుకు 8 లీటర్లు ఆవిరైతే, ఆ నీటికి లీటరుకు 0.8 మిల్లీఈక్వివలెంట్ల ఆల్కలినిటీ, 16 మిల్లీగ్రాముల కాల్షియం చేరతాయి. గాలిలో తేమ ఎక్కువై ఆవిరి తగ్గే వర్షాకాలంలో ఈ మోతాదు కూడా తగ్గుతుంది. రాతి పగడాలు కిక్కిరిసిన తొట్టికి ఇది చాలకపోతే మరో పద్ధతిని తోడు చేర్చుకోవాలే తప్ప, దీన్ని విడిచిపెట్టనక్కరలేదు. తమంతట తాము మరోచోటికి కదలలేని ప్రాణుల బాగోగులు పూర్తిగా పెంపకందారు చేతిలోనే ఉన్నప్పుడు, వాటికి కావలసినదాన్ని కావలసిన పాళ్లలోనే ఇచ్చి, అనవసరమైనదేదీ నీటిలో మిగల్చని పద్ధతికి మించిన సాధనం అరుదు. మూత వేసిన డబ్బా, తేరుకోవడానికి ఒక రాత్రి, చుక్కచుక్కగా వదిలే ఓర్పు ఉన్న ఎవరికైనా ఆ సాధనం అందుబాటులో ఉంటుంది.