పసుపు పుస్తకం పనితనం

కిన్షాసాలోని న్జిలీ విమానాశ్రయంలో దిగినవాళ్లను సాధారణంగా ముందు అడిగేది పాస్‌పోర్టు కాదు. ఇమిగ్రేషన్ వరసలోకి వెళ్లకముందే ఆరోగ్యశాఖ సిబ్బంది చెయ్యి చాపుతారు. వాళ్లడిగేది 'కార్నే జోన్'. పాస్‌పోర్టు మధ్యలో ఇమిడిపోయే పసుపురంగు మడత కాగితం, ఎల్లో ఫీవర్ టీకా వేయించుకున్నారనే ధ్రువపత్రం. కిన్షాసా రాజధానిగా ఉన్న ఈ కాంగోలోకి అది లేకుండా ప్రవేశం లేదు. నదికి అవతలి ఒడ్డున బ్రాజవిల్ రాజధానిగా ఉన్న రెండో కాంగోదీ అదే నియమం.

ప్రభుత్వ కాగితాన్ని చూసి ముచ్చటపడే అలవాటు మనకు లేదు. అప్లికేషన్ ఫారం అనగానే మొహం ముడుచుకుంటాం, అది న్యాయమే. కానీ ఈ పసుపు కాగితాన్ని తీరిగ్గా ముందు పెట్టుకుని చూస్తే, దీన్ని తయారుచేసినవాళ్లు మామూలువాళ్లు కాదనిపిస్తుంది. ఇందులో అలంకారానికి పెట్టిన గీత ఒక్కటీ లేదు. ప్రతి గడి ఏదో ఒక దొంగదారిని మూయడానికి పెట్టిందే.

కాంగో ప్రయాణానికి ఇదొక్కటే కాగితం కాదు. వీసా కోసం ఢిల్లీలోని రాయబార కార్యాలయానికి అర్జీ పెట్టాలి. దాంతోపాటు మిమ్మల్ని పిలిచినవాళ్లు అక్కడి అధికారుల ముద్ర వేయించి పంపే పూచీపత్రం ఉండాలి, మీ బసా భోజనం బాధ్యత మాదీ అని. కస్టమ్స్ వాళ్ల చూపు రెండు చోట్ల ఉంటుంది. ఒకటి నగదు: పదివేల డాలర్లు దాటితే చిక్కు. రెండోది తిరుగు ప్రయాణంలో సామాను: ఏనుగు దంతం అసలు కుదరదు, ముడి వజ్రాలకు 2003లో మొదలైన కింబర్లీ ఒప్పందం ప్రకారం ధ్రువపత్రం కావాలి. అక్కడ బజారులో డాలర్లు బాగా చెల్లుతాయి గానీ, అంచు కాస్త చిరిగిన నోటును కూరగాయలమ్మే ఆమె కూడా తీసుకోదు. విమానాశ్రయంలో ఫొటో తీయాలన్న సరదా ఉంటే చంపుకోవాలి. ఈ నియమాలూ రుసుములూ మారుతూ ఉంటాయి కాబట్టి టికెట్టు కొనేముందు రాయబార కార్యాలయంలో కనుక్కోవడమే మంచిది. వీటిలో పనితనం అని చెప్పుకోదగ్గదేమీ నాకు కనబడదు. పసుపు పుస్తకం సంగతి వేరు.

దాని నమూనా ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి 2005 నాటి అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనల్లో ఆరో అనుబంధంగా ఉంది. అవి 2007 జూన్ 15న అమల్లోకి వచ్చాయి. అంతకుముందున్న ధ్రువపత్రంలో ఎల్లో ఫీవర్ పేరు అచ్చులోనే ఉండేది. కొత్త నమూనా రాసినవాళ్లు జబ్బు పేరు వచ్చేచోట ఖాళీ గీత వదిలేశారు. అదే కాగితం మీద ఇవాళ పోలియో టీకా వివరమూ రాయవచ్చు. రేపు ఏ జబ్బుకు అవసరపడుతుందో తెలియదు కాబట్టి చోటు ఉంచారన్నమాట. ఫారాలు తయారుచేసేవాళ్లలో ఈ ముందుచూపు అరుదు.

పైన పేరు, పుట్టినతేదీ, జాతీయత, గుర్తింపు పత్రం నంబరు, ఆపైన టీకా వేయించుకున్న మనిషి సంతకం. కింద పట్టిక: టీకా పేరు, తేదీ, వేయించిన వైద్యుడి సంతకం, హోదా, తయారుచేసిన సంస్థ, బ్యాచ్ నంబరు, ఎప్పటినుంచి ఎప్పటిదాకా చెల్లుతుందో, చివర కేంద్రం ముద్ర. ఇంతే. అసలు పనితనం ఈ గడుల వెనకున్న షరతుల్లో ఉంది.

వైద్యుడి సంతకం చేత్తో పెట్టిందై ఉండాలి. ముద్ర వేస్తే సంతకానికి బదులు సరిపోదని నిబంధనల్లోనే రాశారు. రబ్బరు స్టాంపు సొరుగులో ఉంటుంది, సొరుగు తాళం ఎవరి చేతికైనా చిక్కవచ్చు. ముద్రా కావాలి, సంతకమూ కావాలి అన్నప్పుడు దొంగకు పని రెట్టింపవుతుంది. తేదీలో నెలను అంకెతో కాక అక్షరాలతో రాయమంటారు. 3/4 అని రాస్తే మనకు ఏప్రిల్ మూడు, అమెరికావాడికి మార్చి నాలుగు. నెల పేరు రాస్తే ఆ పేచీ లేదు. కొట్టివేతగానీ దిద్దుబాటుగానీ ఉన్నా, ఒక్క గడి ఖాళీగా వదిలినా కాగితం చెల్లకుండా పోవచ్చు. రాయడం ఇంగ్లీషులోనో ఫ్రెంచిలోనో ఉండాలి, కావాలంటే పక్కన మరో భాషలోనూ రాసుకోవచ్చు.

బ్యాచ్ నంబరు గడి చాలామంది పట్టించుకోనిది. నర్సు సీసా మీది కాగితం చూసి నాలుగు అక్షరాలూ అంకెలూ ఎక్కిస్తుంది, మనం జేబులో పెట్టుకుంటాం. ఆ సీసా ఏ కర్మాగారంలో, ఏ విడతలో నిండిందో చెప్పే ఆనవాలు అదొక్కటే. ఆ విడతలో లోపం ఉందని తర్వాత తేలితే ఎవరెవరి చేతికి అది ఎక్కిందో వెతికి పట్టుకోవడానికి దారి అక్కడుంది.

నాకు అన్నిటికన్నా నచ్చింది చదువురానివాళ్ల గురించి రాసిన వాక్యం. సంతకం చేయలేని మనిషి తన గుర్తు పెట్టవచ్చు, అది ఆ మనిషిదేనని పక్కన ఇంకొకరు రాసిపెట్టాలి. చిన్నపిల్లల తరఫున తల్లో తండ్రో సంరక్షకులో సంతకం చేయాలి, కానీ ప్రతి పిల్లకీ విడి కాగితం ఉండాలి. పదిమందికి కలిపి ఒక కాగితం ఎట్టి పరిస్థితిలోనూ కుదరదు. అంటే యాభైమంది కూలీలను గనికి తోలుకుపోయే మేస్త్రీ ఒక్క జాబితా చూపించి గేటు దాటలేడు. జెనీవాలో కూర్చుని రాసినవాళ్లకు వేలిముద్రవాడి పేరు కూడా మర్యాదగా ఎక్కించాలన్న ధ్యాస ఉంది.

టీకా పడనివాళ్లున్నారు. గుడ్డు పడనివాళ్లు, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్లు. వాళ్లకు వైద్యుడు కారణం రాసి ఇంగ్లీషులోనో ఫ్రెంచిలోనో చీటీ ఇవ్వాలి. దిగిన దేశం అధికారులు దాన్ని లెక్కలోకి తీసుకోవాలి. నియమంతోపాటే మినహాయింపునూ అక్కడే రాసిపెట్టారు.

ఇక అంకెలు. టీకా వేసిన పదోరోజు నుంచే ధ్రువపత్రం చెల్లుతుంది. చాలామందిలో రక్షణ తయారవడానికి అంత సమయం పడుతుంది మరి. వచ్చేవారం ప్రయాణం పెట్టుకుని ఇవాళ సూది పొడిపించుకునేవాళ్లకు ఈ గడి దగ్గరే దెబ్బ తగులుతుంది. పైగా ప్రతి ఆసుపత్రిలోనూ ఈ టీకా వేయరు, ప్రభుత్వం గుర్తించిన కేంద్రాలకే వెళ్లాలి. హైదరాబాద్ నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్, విశాఖపట్నంలోని పోర్ట్ హెల్త్ ఆర్గనైజేషన్ అలాంటివి. ఎంతకాలం చెల్లుతుందనే గడిలో ఒకప్పుడు పదేళ్లు అని రాసేవారు. ఒక్క మోతాదు జీవితాంతం కాస్తుందని తేలాక 2014లో ప్రపంచ ఆరోగ్య సభ నిబంధన సవరించింది, 2016 జూలై 11 నుంచి జీవితకాలం అయింది. పాత కార్డులున్నవాళ్లు కొత్తవి తీసుకోనక్కర్లేదు, పాతవే జీవితాంతం చెల్లుతాయి.

తిరిగొచ్చేటప్పుడు ఇంకో అంకె ఎదురవుతుంది. కార్డు లేకుండా కాంగో నుంచి వచ్చినవాణ్ని మన విమానాశ్రయంలో ఆరు రోజుల దాకా విడిగా ఉంచవచ్చు. దోమ కుట్టాక ఎల్లో ఫీవర్ బయటపడటానికి మూడు నుంచి ఆరు రోజులు పడుతుంది, ఆ లెక్కే ఇది. మనకు ఈ పట్టింపు ఎందుకంటే ఆ వైరస్‌ను మోసే ఈడిస్ దోమ మన ఇళ్లలోనే ఉంది, డెంగీ తెచ్చేది కూడా అదే. వైరస్ మాత్రం ఇంతవరకు రాలేదు. 2016లో అంగోలా నుంచి తిరిగొచ్చిన 11 మంది కార్మికులతో అది చైనాలో అడుగుపెట్టింది. ఆసియాలో అదే మొదటిసారి.

కార్డు మీది సిరా విలువంతా సీసాలోని సరుకు మీద ఆధారపడింది. 17డి అనే ఆ బలహీనపరిచిన వైరస్‌ను మ్యాక్స్ థైలర్, ఆయన సహచరులు న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ ప్రయోగశాలల్లో 1937 నాటికి సిద్ధం చేశారు. 1927లో పశ్చిమ ఆఫ్రికాలో ఒక రోగి రక్తం నుంచి తీసిన వైరస్‌ను ఎలుక పిండపు కణాల్లో, కోడి పిండపు కణాల్లో వందకు పైగా విడతలు పెంచుతూ పోతే, నడుమ ఎక్కడో దాని కోర ఊడిపోయింది. 1951లో థైలర్‌కు నోబెల్ వచ్చింది. ఇవాళ్టికీ కోడిగుడ్లలో పెంచేది ఆ వంశపు వైరస్‌నే. పొడిగా ఆరబెట్టి, రెండు నుంచి ఎనిమిది డిగ్రీల చలిలో దాచి, వేసేముందు ద్రవం కలుపుతారు. మోతాదు అర మిల్లీలీటరు.

ఈ కాగితానికి లోపాలు లేవని కాదు. దొంగ కార్డులు అమ్మేవాళ్లు చాలా దేశాల్లో ఉన్నారు, కాగితం చూసి నిజమో అబద్ధమో తేల్చే యంత్రమేమీ ఆ బల్ల దగ్గర ఉండదు. పేరుకు ఒక్క గీత ఇచ్చారు. మన పొడుగాటి ఇంటిపేర్లు, మధ్యలో తాతపేరు, చివర వెంకటసత్యనారాయణ అన్నీ అందులో ఇరుక్కోవాలి. పాస్‌పోర్టులో ఉన్న వరసలోనే రాయించుకోకపోతే అక్కడ ఫ్రెంచిలో సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తుంది.

మోతాదు ఎంత వేశారో రాయడానికీ ఇందులో గడి లేదు. ఆ సంగతి 2016లో కిన్షాసాలోనే ముందుకొచ్చింది. అంగోలాలో మొదలైన ఎల్లో ఫీవర్ సరిహద్దు దాటింది, ప్రపంచంలో ఉన్న టీకా నిల్వలు అడుగంటాయి. ఆగస్టులో ఒక్కొక్కరికి ఐదోవంతు, అంటే 0.1 మిల్లీలీటరు చొప్పున వేస్తూ 70 లక్షలకు పైగా జనానికి అందించారు. చుట్టుముట్టిన జబ్బును ఆపడానికి అది చాలుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒప్పుకుంది. విదేశీ ప్రయాణానికి మాత్రం అది లెక్కలోకి రాదని అదే సంస్థ స్పష్టంగా చెప్పింది. ఆ వరసలో నిలబడి ఐదోవంతు వేయించుకున్న కిన్షాసావాసి ఎవరైనా ఢిల్లీ విమానం ఎక్కాలంటే, మళ్లీ కేంద్రానికి వెళ్లి అర మిల్లీలీటరూ పూర్తిగా వేయించుకుని కొత్త కార్డు రాయించుకోవాలి.