మూర్తి, విగ్రహం, పాత్ర

మన సమీక్షల్లో "మూర్తీభవించిన" అనే విశేషణం తగలని పేజీ అరుదు. ఈ నాయకుడు త్యాగం మూర్తీభవించిన పాత్ర. ఆ భూస్వామి దోపిడీకి నిలువెత్తు రూపం. ఆ తల్లి సహనానికి అవతారం. మెచ్చుకోవడానికి వాడే ఈ మాటలు పాత్రను గురించి నిజంగా ఏం చెబుతున్నాయో మనం ఆలోచించటం లేదు. భావానికి శరీరమివ్వడం సాహిత్యం చేసే పనే. ఎలా ఇస్తుందన్నది అసలు ప్రశ్న. రచయిత ప్రాపంచిక దృక్పథం బయటపడేది అక్కడే.

ముందు మాటలనే చూద్దాం. "అవతారం" అంటే దిగిరావడం. పైన ఎక్కడో పరిపూర్ణంగా ఉన్నదేదో కిందికి దిగి ఒక ఒంటిని తొడుక్కుంటుంది. ఆ ఒళ్లు దానికి వేషం మాత్రమే. భావవాదం మొత్తం ఈ ఒక్క మాటలో ఇమిడి ఉంది. "మూర్తి" పుట్టిన ధాతువుకు గడ్డకట్టడం, ఘనీభవించడం అని అర్థం. "మూర్ఛ" కూడా ఆ ధాతువు బిడ్డే. ఇక "విగ్రహం" అనగానే మా విద్యార్థులు గుడిలోని రాతిబొమ్మ అంటారు. కాని ఆ మాటకు శరీరమనీ, యుద్ధమనీ కూడా అర్థాలున్నాయి. రాజనీతిలో సంధికి ఎదురుమాట విగ్రహం. వ్యాకరణంలో సమాసాన్ని విడదీసి చూపేది విగ్రహవాక్యం. శరీరానికీ, సంఘర్షణకూ, విడదీసి చూడడానికీ ఒకే మాట ఉండడం మనకు పనికొచ్చే విషయం. కథలో పాత్రకు ఒళ్లు వచ్చేది సంఘర్షణ వల్లనే. ఒక గుణం గడ్డకడితే బొమ్మ తయారవుతుంది, మనిషి తయారుకాడు.

ఇది కొత్త సంగతేమీ కాదు. 1885లో మిన్నా కౌట్‌స్కీకి రాసిన ఉత్తరంలో, ఆమె నవలలోని ఒక పాత్ర వ్యక్తిత్వం సూత్రంలో కరిగిపోయిందని ఎంగెల్స్ ఆక్షేపించాడు. పాత్ర ఒక వర్గానికి ప్రతినిధి అవుతూనే, మరొకరితో పోల్చలేని ప్రత్యేక వ్యక్తిగా కూడా ఉండాలన్నాడు.

కాళీపట్నం రామారావు "యజ్ఞం" చూడండి. కథ పొడవునా అప్పు అనేది ఒక లెక్క, ఒక మాట, ఒక ధర్మసందేహం. అప్పల్రాముడు బాకీపడ్డాడని గోపన్న అంటాడు. శ్రీరాములునాయుడు పెద్దరికంతో, ఓపికతో తగవు తీరుస్తాడు. నాయుడు కొరడా పట్టిన రాక్షసుడు కాడు, ఊరి బాగు కోరిన మర్యాదస్తుడు. చివరికి అప్పల్రాముడి కొడుకు సీతారాముడు, తన పసికొడుకు ఈ అప్పుకింద బానిస కాకూడదని తానే వాణ్ణి చంపేస్తాడు. అంతవరకూ అంకెగా ఉన్న అప్పు అప్పుడు ఒక పసివాడి దేహమై పెద్దల ఎదుట పడుతుంది. అమూర్తం మూర్తం కావడమంటే ఇదీ.

సీతారాముణ్ణి "తిరుగుబాటు మూర్తీభవించిన పాత్ర" అనడాన్ని నేను ఒప్పుకోను. అలా అంటే, కత్తి నాయుడి మీద కాక సొంత బిడ్డ మీద ఎందుకు పడిందన్న ప్రశ్నకు జవాబుండదు. అతనిలో తిరగబడే మనిషీ ఉన్నాడు, తరతరాలుగా లొంగదీయబడ్డ మనిషీ ఉన్నాడు. లోకంలో అతని అధికారం చెల్లేది ఆ ఒక్క పసివాడి మీదే. కత్తి అక్కడే పడింది. ఈ వైరుధ్యాన్ని తీసేస్తే కథలో నినాదం మిగులుతుంది, సీతారాముడు మిగలడు. అలాగే నాయుణ్ణి దుర్మార్గానికి మూర్తిగా చేసివుంటే, ఒక దుర్మార్గుడు పోతే ఊరు బాగుపడుతుందని పాఠకుడు ఊరట పొందేవాడు. నాయుడు మంచివాడు కనుకనే తప్పు మనిషిలో కాక వ్యవస్థలో ఉందని తెలుస్తుంది.

మన కథల్లో చాలామంది భూస్వాములకు బానకడుపూ, వేళ్లనిండా ఉంగరాలూ ఉంటాయి. చాలామంది కార్మిక నాయకులకు బిగించిన పిడికిలి తప్ప ఇల్లూ, భయమూ, అప్పూ ఉండవు. పైనుంచి సిద్ధాంతం దిగివచ్చి వాళ్ల ఒంట్లో దూరింది. దేవుడి స్థానంలో సిద్ధాంతాన్ని కూర్చోబెట్టినా అవతారం అవతారమే. భౌతికవాదులమని చెప్పుకునేవాళ్లం రచనలో భావవాదం చేస్తే, దాన్ని శిల్పలోపమని సరిపెట్టుకోవడానికి వీల్లేదు. అది దృక్పథంలోనే ఉన్న లోపం.

కనుక యువ రచయితలకూ, విమర్శ రాసే విద్యార్థులకూ నా సూచన ఒకటే. "మూర్తీభవించిన" అని రాయబోయే ముందు ఆ పాత్రకు విగ్రహవాక్యం చెప్పి చూడండి. విడదీస్తే అందులో ఏయే శక్తులు పోట్లాడుకుంటున్నాయో చూడండి. ఏవీ కనిపించకపోతే ఆ మాట పొగడ్త కాదని గ్రహించి, సమీక్షలో ఆ సంగతే రాయండి.