ఒకటో నెంబరు బలిపశువు

ఒక సినిమాని చూడకూడని సమయంలో చూడటం కూడా ఒక రకమైన విమర్శే అనుకుంటాను. ‘ద బార్క్‌లీ మారథాన్స్: ద రేస్ దట్ ఈట్స్ ఇట్స్ యంగ్’ అనే డాక్యుమెంటరీని నేను అలాంటి సమయంలోనే చూశాను. తెల్లారితే అనంతగిరి గుట్టల్లో 21 కిలోమీటర్ల ట్రెయిల్ రన్. అప్పటిదాకా నేను ఒక్కసారిగా పరిగెత్తిన ఎక్కువ దూరం 9 కిలోమీటర్లు, అదీ చదునైన రోడ్డు మీద. వానలు, ఆఫీసు, బద్ధకం, మూడూ కలిసి మిగతా సాధనని మింగేశాయి. పేరెప్పుడో ఇచ్చేశాను, డబ్బు వెనక్కి రాదు. వికారాబాద్‌లో లాడ్జి గదిలో నిద్రపట్టక ఫోన్‌లో ఈ సినిమా పెట్టుకున్నాను. ధైర్యం వస్తుందేమోనని.

అనికా ఇల్టిస్, టిమొతీ కేన్ కలిసి తీసిన ఈ సినిమా 2014లో వచ్చింది. అమెరికాలో టెనెసీ రాష్ట్రంలోని ఫ్రోజెన్ హెడ్ అడవుల్లో జరిగే ఒక పందెం, దాని 2012 నాటి కథ. ఐదు చుట్లు, మొత్తం 60 గంటల గడువు. ఎక్కే ఎత్తంతా కలిపితే ఎవరెస్టుకి దాదాపు రెట్టింపు. జీపీఎస్ ఉండకూడదు. నిర్వాహకుడు పెట్టిన మ్యాపు చూసి ఎవరి మ్యాపు మీద వాళ్ళు దారి గీసుకోవాలి. అడవిలో అక్కడక్కడా దాచిన పుస్తకాల్లోంచి తమ నెంబరున్న పేజీ చింపి తేవాలి, దారి తప్పలేదనడానికి అదే సాక్ష్యం. మొదలయ్యే వేళ ఎవరికీ తెలీదు. శంఖం ఊదితే ఇంకో గంట ఉందని అర్థం. గంట తర్వాత నిర్వాహకుడు గ్యారీ కాంట్రెల్, అందరూ లాజరస్ లేక్ అని పిలిచే గడ్డపాయన, సిగరెట్ వెలిగిస్తాడు. అదే తుపాకీ. ఎవరైనా మానుకుని వస్తే సైనికుల అంత్యక్రియలకి వాయించే రాగాన్ని బ్యూగిల్ మీద వాయిస్తారు. ప్రవేశ రుసుము 1.60 డాలర్లు. ఎంపికైనవాళ్ళకి అందేది అభినందన కాదు, సంతాప లేఖ. మొదటి పాతికేళ్ళలో పూర్తి చేసినవాళ్ళు పదిమంది.

ఇవన్నీ సరదాగానే ఉన్నాయి. నేను ఆగిపోయింది ఇంకో వివరం దగ్గర. ప్రతి ఏడూ, ఈ పందెంలో అడుగుపెట్టే అర్హతే లేదని తనకి అనిపించిన ఒకరిని లాజ్ కావాలనే ఎంపిక చేస్తాడు. వాళ్ళని ‘నరబలి’ అంటారు. వాళ్ళ చొక్కాకి ఒకటో నెంబరు.

ఒకటో నెంబరు! మా తరం తెలుగు పిల్లలకి ఆ అంకె ఎలాంటిదో చెప్పక్కర్లేదు. టీవీలో వరుసగా అరిచే ర్యాంకుల ప్రకటనల మధ్య పెరిగినవాళ్ళం. ‘ప్రిపేరయ్యావా?’ అనే ప్రశ్న మా ఇళ్ళల్లో ‘తిన్నావా?’ తర్వాత ఎక్కువగా వినపడేది. సిలబస్ పూర్తికాకుండా పరీక్ష రాయడం తప్పు కాదు, పాపం. అందుకే ఆ అంకెని అందరికంటే తక్కువ సిద్ధపడిన మనిషికి ఇవ్వడం చూసి ముందు నవ్వాను. తర్వాత నవ్వు ఆగింది. నా బ్యాగులో ఉన్న నెంబరు 214. కానీ నేనెవరో నాకు తెలుసు.

మామూలు క్రీడా సినిమాలో ఒక పాట ఉంటుంది. పాట మొదట్లో హీరో మెట్లెక్కలేక ఆయాసపడతాడు, చివరికి కొండెక్కి చేతులు చాపుతాడు. సిద్ధపడటమంటే ఆ పాట పూర్తవడం. ఈ సినిమాలో ఆ పాటకి చోటు లేదు. ఎవరైనా పూర్తి చేస్తే లాజ్ దారిని మరింత కష్టం చేస్తాడు. అంటే సిలబస్ ఎప్పటికీ పూర్తికాదు. మారథాన్లు అలవోకగా పరిగెత్తేవాళ్ళు కూడా మొదటి చుట్టులోనే ముళ్ళకి కాళ్ళు చీరుకుని, పొగమంచులో దారి తప్పి వెనక్కొస్తారు. బ్యూగిల్ మోగుతుంది, అందరూ నవ్వుతారు, మానుకున్నవాడూ నవ్వుతాడు. ఓడిపోయినవాణ్ణి అవమానించకుండా ఓటమిని పండగ చేయడం ఈ సినిమాలో నాకు బాగా నచ్చిన సంగతి. ‘మనోబలం ఉంటే చాలు’ అనే అబద్ధం మాత్రం అది చెప్పదు. బలం చాలదు, చాలకపోవడం నేరం కాదు, అంతే.

అయితే ఈ సినిమాతో నాకు రెండు పేచీలున్నాయి.

మొదటిది, ఆ నరబలి ఏమవుతాడు? జోక్ పేలాక కెమెరా క్రమంగా గెలిచేవాళ్ళ వైపు తిరిగిపోతుంది. ఆ ఏడాది ముగ్గురు పూర్తి చేశారు: బ్రెట్ మౌన్, జారెడ్ క్యాంప్‌బెల్, జాన్ ఫెగివరెసీ. ఫెగివరెసీ గడువుకి దాదాపు 19 నిమిషాల ముందు పసుపు గేటుని తాకే ఘట్టం నిజంగా గొప్పది, నాకూ కళ్ళు తడిశాయి. కానీ ఓటమి గురించి తీసిన సినిమా కూడా చివరికి గెలుపు దగ్గరే ఊపిరి పీల్చుకుంది. పూర్తి చేయలేనివాడు అడవిలో ఒంటరిగా ఏ చెట్టు దగ్గర ఆగి ‘ఇక చాలు’ అనుకున్నాడో, ఆ నిమిషం నాకు కావాలి. దొరకలేదు.

రెండోది ఇంకా బరువైనది. ఈ పందెం పుట్టిందే ఒక ఎగతాళి లోంచి. మార్టిన్ లూథర్ కింగ్‌ని చంపిన జేమ్స్ ఎర్ల్ రే 1977లో ఆ అడవి అంచునే ఉన్న బ్రషీ మౌంటెన్ జైలు నుంచి పారిపోయాడు. సుమారు 54 గంటల తర్వాత దొరికాడు, అప్పటికి కొద్ది మైళ్ళే దాటాడు. అదే సమయంలో నేనైతే వంద మైళ్ళు పోయేవాణ్ణి అనుకున్నాడు కాంట్రెల్. అలా 1986లో మొదటి పందెం. ఆ జైలు ఖైదీల చేత బొగ్గు తవ్వించిన చోటు. పందెం దారి ఆ జైలు కిందుగా సొరంగంలోంచి పోతుంది. కొందరికి శిక్షైన నేల, ఇంకొందరికి సెలవుల్లో కోరి తెచ్చుకున్న కష్టం. సినిమా ఈ సంగతిని ఒక వింత కథగా చెప్పి దాటేస్తుంది. ఓడిపోయే స్వేచ్ఛ ఎవరికుంది అన్న ప్రశ్న ఆ సొరంగంలోనే ఉండిపోయింది.

ఈ ప్రశ్నకి సగం జవాబు సినిమా తర్వాత పదేళ్ళకి వచ్చింది. ఆడవాళ్ళెవరూ దీన్ని పూర్తి చేయలేరని లాజ్ బాహాటంగానే అంటుండేవాడు. 2024లో జాస్మిన్ పారిస్ అనే బ్రిటిష్ పశువైద్యురాలు, అంతకుముందు ప్రయత్నాల్లో పూర్తి చేయలేక వెనుదిరిగినామె, 99 సెకన్లు మిగిలుండగా గేటు తాకి అక్కడే కూలిపోయింది. ఆ ఫోటో చాలామంది చూసే ఉంటారు. నాకు మాత్రం దానికి ముందు ఆమె మానుకుని వచ్చిన ఏళ్ళే ఎక్కువ ఆసక్తి. ఆ ఏళ్ళ ఫోటోలు మనకెవరూ పంపరు.

ఇక అనంతగిరి. తొమ్మిదో కిలోమీటరు వరకూ నేను కొత్త పెళ్ళికూతురంత ఉత్సాహంగా ఉన్నాను. పన్నెండు దగ్గర ఎర్రమట్టి బూట్లకి అంటుకుని కాలు రెట్టింపు బరువెక్కింది. పదిహేను దాటాక దిగుడులో మోకాలు మాట వినడం మానేసింది. పదహారో కిలోమీటరు దగ్గర నీళ్ళిచ్చే టేబుల్ పక్కన, ఒక మోదుగ చెట్టు కింద కూర్చున్నాను. బ్యూగిల్ లేదు. ఒక కుర్రాడు అరటిపండు చేతిలో పెట్టి, ‘అక్కా, జీపు పిలవాల్నా?’ అన్నాడు. ‘పిలువు’ అన్నాను. ఆ ఒక్క మాటకి నాకు పట్టిన సమయం, సినిమాలో నేను వెతికి దొరకని నిమిషం అదే. అందులో నవ్వు లేదు, గొప్పతనమూ లేదు. కొంచెం ఏడుపు, చాలా ఆకలి.

జీపులో ఉండగా అమ్మ ఫోన్ చేసింది. సంగతి విని, ‘ప్రిపేర్ కాకుండా ఎందుకెళ్ళావే?’ అంది. పదహారు కిలోమీటర్లు నేనెప్పుడూ పరిగెత్తలేదమ్మా అన్నాను. కాసేపు ఆగి, ‘పదహారా? తిన్నావా మరి?’ అంది.

ఈ సినిమాని పందేనికి ముందురోజు రాత్రి చూడకండి, ధైర్యం రాదు. తర్వాత చూడండి. రెండోసారి చూస్తున్నప్పుడు నేను గెలిచేవాళ్ళని వదిలేసి, కెమెరా అంచుల్లో గేటు వైపు మెల్లగా నడిచొచ్చేవాళ్ళనే చూస్తూ కూర్చున్నాను.