ఏ దారి తెరిచి ఉంది?

నగరంలో పలుచోట్ల వాన పడుతోందని, వాహనదారులు జాగ్రత్తగా వెళ్లాలని చెప్పే సందేశం ఈ వారం కూడా సాయంత్రం పూట మాదాపూర్ నుంచి నానక్‌రామ్‌గూడ దాకా ఫోన్ నుంచి ఫోన్‌కు పాకింది. ఏ చోట, ఎంత వాన, ఏ వేళకు, ఎవరు చూసి చెప్పారు అన్న నాలుగు సంగతుల్లో ఒక్కటీ అందులో లేదు. కొలత లేని కబురు కబురు కాదన్న వాదన ఈ కాలమ్ పాఠకులకు కొత్తది కాదు: రైతుబజారు తూకం మొదలుకొని చెరువుల పూర్తిస్థాయి నీటిమట్టం దాకా, అంకె పక్కన చోటు, వేళ, కొలిచిన పద్ధతి ఉండి తీరాలని ఇక్కడ పదేపదే రాయడం జరిగింది.

ఆ పట్టుదలను ప్రతిరోజూ తెల్లవారకముందే ఆచరణలో పెట్టే వృత్తి ఒకటుంది. కాళ్లకు పొడవాటి పలకలు బిగించుకొని కొండవాలు మంచు మీద జారే స్కీయింగ్ క్రీడ కోసం వెలసిన విడిదుల్లో, ఉదయం వెలువడే మంచు నివేదికను తయారుచేసే పని అది. హైదరాబాద్‌కు తెలిసిన మంచు 2004లో లోయర్ ట్యాంక్‌బండ్ దగ్గర తెరిచిన స్నో వరల్డ్‌లో యంత్రాలు తయారుచేసేదే అయినా, మాదాపూర్-నానక్‌రామ్‌గూడ ఐటీ కారిడార్‌లోని ఎన్నో ఇళ్లకు అమెరికాలోని రెడ్‌మండ్‌లోనో బెల్లెవ్యూలోనో కొడుకో కూతురో ఉండటం వల్ల, అక్కడికి తూర్పున ఐ-90 రహదారి మీద 3,022 అడుగుల ఎత్తున ఉన్న స్నోక్వాల్మీ కనుమ, దాన్ని ఆనుకొని ఉన్న స్కీ వాలులు ఇక్కడివారికి బొత్తిగా తెలియనివి కావు.

మంచును కొలవడం చూసినంత తేలిక కాదు. తెల్ల రంగు పూసిన చదునైన పలకను గాలి తాకిడి తక్కువగా ఉండే చోట నేల మీద పరిచి, దాని మీద పేరుకున్న మంచులో స్కేలు దించి లోతు చూసి, రాసుకొని, పలకను శుభ్రంగా తుడిచి, మళ్లీ మంచు ఉపరితలం మీదే పరుస్తారు. ఆ తుడవడానికీ నియమం ఉంది: అమెరికా జాతీయ వాతావరణ సేవ పద్ధతిలో ఆరు గంటలకు ఒకసారి కంటే ఎక్కువగా తుడవకూడదు, ఎందుకంటే తాజా మంచు తన బరువుకు తానే కుంగుతుంది గనుక, గంటగంటకూ కొలిచి కూడుకుంటూ పోతే నేల మీద లేని మంచు కాగితం మీద పేరుకుంటుంది. గాలి ఎత్తుకొచ్చి కుప్ప పోసిన చోట కొలిస్తే అంకె పెరుగుతుంది, ఊడ్చుకుపోయిన చోట కొలిస్తే తరుగుతుంది. అందువల్ల గడిచిన 24 గంటల్లో పడిన కొత్త మంచును ఒక అంకెగా, నేల నుంచి మొత్తం లోతును మరొక అంకెగా, కొండ అడుగున ఎంతో శిఖరం దగ్గర ఎంతో విడివిడిగా చెప్పడం మంచి నివేదికకు లక్షణంగా స్థిరపడింది. రాత్రంతా గొలుసు చక్రాల యంత్రాలు వాలుల మీద తిరిగి, మంచును పొడిచేసి, నొక్కి, కార్డురాయ్ గుడ్డ మీది చారల్లాంటి సన్నని చాళ్లను వదులుతూ చదును చేస్తాయి; వాటిని నడిపినవారు దిగివచ్చి ఏ వాలు పూర్తయిందో, ఎక్కడ మంచు గట్టిపడి గాజులా మారిందో, ఎక్కడ రాయి తేలిందో చెబితే ఆ మాటలు కూడా నివేదికలో చేరతాయి. చేతి స్పర్శతో తెలిసిన సంగతిని పొడి మంచు, అణిగిన మంచు, గడ్డకట్టిన మంచు అనే మూడు నాలుగు మాటల్లోకి తేవడంలో ఉన్న శ్రద్ధను ఏ భాషలో రాసేవారైనా గౌరవించాలి.

ఇంత పద్ధతి ఉన్న రంగంలోనూ అంకె నిలకడగా లేదని తేలింది. డార్ట్‌మౌత్ కళాశాల ఆర్థికవేత్తలు జొనాథన్ జిన్‌మన్, ఎరిక్ జిట్జెవిట్జ్ స్కీ విడిదులు స్వయంగా ప్రకటించిన మంచు లెక్కలను ప్రభుత్వ వాతావరణ కేంద్రాల లెక్కలతో పోల్చి చూస్తే, విడిదుల ప్రకటనల్లో శని ఆదివారాల కొత్త మంచు మిగిలిన రోజులకంటే 23 శాతం ఎక్కువగా కనిపించింది. ప్రభుత్వ లెక్కల్లో అలాంటి వారాంతపు పెరుగుదల లేదు. ఆకాశానికి వారాలతో పని లేదు, టికెట్ల అమ్మకానికి ఉంది. ఆ అధ్యయన కాలం చివర్లో, వాలు మీద ఉన్నవారు అప్పటికప్పుడు ఐఫోన్‌లో పరిస్థితిని రాసే వీలు ఒక యాప్‌లో వచ్చాక ఈ అతిశయం బాగా తగ్గిందని, ఫోన్ సిగ్నల్ బాగా అందే విడిదుల్లో మరింతగా తగ్గిందని వారు చూపారు. నిపుణుడి స్కేలును సరిదిద్దింది చలిలో నిలబడి రెండు ముక్కలు రాసిన మామూలు మనిషి.

అయితే ఆ అతిశయపు రోజుల్లో సైతం అదే నివేదికలో సాగదీయడానికి వీల్లేని భాగం ఒకటుంది: వాలుదారుల జాబితా. ట్రైల్ అని పిలిచే ఒక్కొక్క వాలుదారి పేరు, ఉత్తర అమెరికాలో దాని కష్టాన్ని సూచించే ఆకుపచ్చ వలయమో నీలి చదరమో నల్ల వజ్రమో, ఆ పక్కన తెరిచి ఉంది లేదా మూసి ఉంది అన్న మాట కలిసి ఆ జాబితా అవుతుంది. మూసి ఉందన్న చోట నిజంగానే తాడు కట్టి ఉంటుంది, గస్తీ మనిషి ఉంటాడు. తెరిచి ఉందన్న మాట తప్పయితే తొమ్మిది గంటలకల్లా అందరికీ తెలిసిపోతుంది. పైగా లోతూ దారీ తరచు ఎదురెదురుగా నడుస్తాయి: రాత్రికి రాత్రి భారీగా మంచు పడినప్పుడు నిటారు వాలుల మీద హిమపాతం, అంటే మంచు పొర ఒక్కసారిగా విరిగి జారిపడే ప్రమాదం పెరుగుతుంది కనుక, అంకె అన్నిటికంటే పెద్దదైన ఉదయమే మంచి దారులన్నీ మూతపడవచ్చు. కశ్మీర్‌లోని గుల్‌మార్గ్‌లో సుమారు 3,980 మీటర్ల ఎత్తుకు చేర్చే గోండోలా రోప్‌వే రెండో దశ గాలికో మంచుకో ఆగిపోతే, కింద ఎన్ని అంగుళాలు పడిందన్న లెక్కతో ఆ రోజు శిఖరం చేరాలనుకున్నవారికి ఒరిగేది ఏమీ లేదు.

ఇంతదాకా వచ్చాక, అంకె కావాలన్న పాత వాదన రెండో స్థానానికి జరగక తప్పదు. సైబరాబాద్‌కు వాన అంకెల కొరత లేదు. రాష్ట్ర ప్రణాళికా సంస్థ స్వయంచాలిత వాతావరణ కేంద్రాలు ప్రాంతాలవారీగా మిల్లీమీటర్లు చెబుతున్నాయి, భారత వాతావరణ శాఖ ఉదయం 8.30కి ముగిసే 24 గంటల లెక్కను వర్గీకరిస్తోంది. ఆ వర్గీకరణలో 64.5 మిల్లీమీటర్లు దాటితేనే భారీ వర్షం; 40 మిల్లీమీటర్లు మోస్తరు వర్షమే. కానీ ఆ నలభయ్యీ సాయంత్రం అయిదు నుంచి ఆరు మధ్య, బండరాయి మీద కట్టిన, వాగులను ఇరుకు చేసిన కారిడార్‌లో పడితే, నీరు పాత అలవాటు కొద్దీ దుర్గం చెరువు వైపూ మల్కం చెరువు వైపూ దారి వెతుక్కుంటూ రోడ్ల మీదే నిలుస్తుంది. అదే నలభై రాత్రంతా పడితే తెల్లవారేసరికి ఆనవాలుండదు. జిల్లా మొత్తానికి ఇచ్చే పసుపు, నారింజ హెచ్చరికలు కూడా అవసరమే అయినా, శేరిలింగంపల్లికీ షాద్‌నగర్‌కూ ఒకే రంగు పూసే రంగారెడ్డి జిల్లా హెచ్చరిక, బయోడైవర్సిటీ కూడలి వైపు దిగాలా, ఖాజాగూడ వైపు తిరగాలా అని స్టీరింగ్ పట్టుకొని ఆలోచించే మనిషికి జవాబు చెప్పలేదు.

ఆ జవాబుకు దగ్గరగా వచ్చిన సందర్భం ఇక్కడే ఉంది. 2023 జూలై 25న, వానలు విడవని ఆ వారంలో, సైబరాబాద్ పోలీసులు ఐటీ కంపెనీలకు విడతలవారీ లాగౌట్ సూచించారు: ఐకియా నుంచి సైబర్ టవర్స్ దాకా ఉన్నవి మధ్యాహ్నం 3 గంటలకు, ఐకియా నుంచి బయోడైవర్సిటీ, రాయదుర్గం వైపువి 4.30కి, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్, గచ్చిబౌలివి 3 నుంచి 6 గంటల మధ్య. అందులో ఒక్క మిల్లీమీటరు ప్రస్తావన లేదు. దారి, వేళ, చేయవలసిన పని మాత్రమే ఉన్నాయి. స్నోక్వాల్మీ కనుమ మీద అక్కడి రవాణా శాఖ ఇచ్చే కబురు కూడా ఇలాంటిదే: తూర్పు దిశకు వేరుగా, పడమర దిశకు వేరుగా, ఫలానా రకం టైర్లు మంచివనో, చక్రాలకు గొలుసులు తప్పనిసరనో, కనుమ మూసివేశారనో చెబుతుంది.

కనుక పోలీసు, మున్సిపల్ అధికారులకూ, లాగౌట్ వేళలు నిర్ణయించే కంపెనీలకూ విన్నపం ఇది. వానాకాలంలో ప్రతి మధ్యాహ్నం 3 గంటలకు, ఆ తరువాత గంటకోసారి, నీళ్లు నిలిచే రోడ్డు ముక్కల పేర్లతో ఒక జాబితా వెలువడాలి. వెళ్లే వైపు, వచ్చే వైపు వేరుగా, తెరిచి ఉంది, నెమ్మదిగా కదులుతోంది, మూసి ఉంది అన్న మూడు మాటల్లో ఒకటి, చూసిన వేళతో సహా ఉండాలి. నీళ్లు తీసిన వెంటనే మూసి ఉంది అన్న మాట కూడా తీసేయాలి. పాఠకులు చేయగలిగింది కూడా ఉంది. నీళ్లలో ఆగిన క్యాబ్‌లోంచి ఫొటో తీసి గ్రూపులో పెట్టేటప్పుడు కూడలి పేరు, ఎటు వెళ్లే వైపు, ఎన్ని గంటలకు అనేవి రాయండి. నిరుటి వీడియోను ఇవాళ్టిదిగా దయచేసి పంపకండి.